బేగం బజార్ సందులో పాత ఇత్తడి సామాన్ల షాపు: మా భోషాణంలో దొరికిన ఇనుప వస్తువు ఏంటో చెప్పింది ఈయనే

సంక్రాంతికి ముందు మా ఊరెళ్లాం, తెనాలి దగ్గర పల్లెటూరు. తాతయ్య వాళ్ల పెంకుటిల్లు పడగొట్టేస్తున్నారు, సామాను ఖాళీ చెయ్యాలి కదా అని అందరం చేరాం. భోషాణం అడుగున రాగి చెంబులు, ఒక అడకత్తెర, మూత ఊడిపోయిన సున్నపు కాయ, గిద్ద సోల తవ్వ మానిక కొలతలు, వాటి మధ్యలో పాత పంచె గుడ్డలో చుట్టి ఉంది ఈ వస్తువు. జానెడు మీద రెండు వేళ్ల పొడవుంటుంది. ఇనప కడ్డీ, ఒక చివర సూదిలా మొన తేలి ఉంది, రెండో చివర రావి ఆకులా పల్చగా సాగగొట్టి ఒక పక్క పదును పెట్టారు, నడుం దగ్గర మూడు ఇత్తడి పూసలు ఎక్కించి బిగించారు. చేతిలోకి తీసుకుంటే భలే తూకంగా ఉంది, ఎవరో ఇష్టపడి చేయించుకున్న వస్తువు అని పట్టుకోగానే తెలిసిపోతుంది. కానీ దేనికి వాడతారో అక్కడున్న పదిహేను మందిలో ఒక్కరికీ తెలీదు.

మా బాబాయ్ చూసి గోనె సంచులు కుట్టే దబ్బనం అన్నాడు. బెజ్జం ఏది బాబాయ్ అంటే విరిగిపోయి ఉంటుంది లేరా అన్నాడు, విరిగిన ఆనవాలు ఎక్కడా లేదు. మా మేనత్తేమో చిన్నపిల్లలకి జబ్బు చేస్తే వాతలు పెట్టేవాళ్లు, ఆ పుల్ల ఇదే, నాకు పెట్టారు అని చెయ్యి కూడా చూపించింది. పక్కింటి తాత చెప్పులు కుట్టే ఆర అన్నాడు. ఇంకొకళ్లు ఆడవాళ్లు కొప్పులో పెట్టుకునేది అన్నారు. ఎవరికి తెలిసిన పనిముట్టు వాళ్లు చెప్పారు, అందులో తప్పేం లేదు, కానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

హైదరాబాద్ తెచ్చాక ఫోన్లో ఫోటో తీసి వెతికే యాప్ ఒకటి ఉంది కదా దాన్లో పెట్టా. ఒకసారి జడ పిన్ను అంటుంది, ఇంకోసారి కవర్లు చింపే కత్తి అంటుంది, యాంగిల్ మారిస్తే గుడారం మేకు అంటుంది. తర్వాత జూబ్లీహిల్స్ వైపు ఒక ఏసీ యాంటిక్ షాపుకి తీసుకెళ్లా, పేరు చెప్పను. అక్కడాయన చేత్తో ముట్టుకోకుండానే ఇది రాజుల కాలం నాటి బాకు, మూడొందలు ఇస్తా అన్నాడు. రాజుల బాకు అయితే మూడొందలేంటి, మూడొందల వస్తువైతే రాజులెందుకు, అక్కడ అడగలేదు గానీ బయటకొచ్చాక చాలాసేపు అదే ఆలోచించా.

మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ వాళ్ల నాన్నగారు చెప్పారట, బేగం బజార్లో ఇత్తడి గిన్నెల దుకాణాలున్న వీధి వెనక సందులో ఒక ముసలాయన ఉంటాడు, పాత లోహం ఏదైనా చూసి చెప్తాడు అని. ఇక అసలు రివ్యూ ఇక్కడి నుంచి.

షాపుకి బోర్డు లేదు. ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో మాట్లాడుకుని బేగం బజార్ మెయిన్ రోడ్డు మీద దిగాలి, కారు తీసుకెళ్తే మాత్రం ఏడుపే, హోల్‌సేల్ బండ్లు రోడ్డంతా ఆక్రమించి ఉంటాయి. సందులోకి వెళ్లాక టీ కొట్టు పక్కన షట్టర్ సగం దించి ఉంటుంది, లోపల పది మంది కూడా పట్టరు, నేల నుంచి కప్పు దాకా గంగాళాలు, గుండిగలు, దీపపు సెమ్మెలు, కావడి పెట్టెల మీది తొడుగులు, తాళాలు. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. వాళ్లది పెంబర్తి వైపు, తాతల నాటి నుంచీ కంచరి పని, రేకు సాగగొట్టి గుళ్ల తలుపులకీ రథాలకీ తొడుగులు చేసిన ఇల్లు. ఈయన మాత్రం చిన్నప్పుడే పట్నం వచ్చి పాత సామాన్లు కొని అమ్మడం మొదలెట్టాడట. పెంబర్తి ఇత్తడి పనికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి పనితనం అని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది కదా, ఆ మాట ఎత్తగానే ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో.

నేను సంచిలోంచి తీసి చేతిలో పెట్టా. బాబాయ్ గారూ ఇదేంటో చెప్పగలరా, అమ్మడానికి కాదు అన్నా. "అమ్మకున్నా మంచిదే బిడ్డా, సూద్దాం తియ్" అని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ తర్వాత పావుగంట ఆయన చేసినదంతా నేను పక్కనే నిలబడి చూశా, అదంతా రాయాలనే ఈ రివ్యూ ఇంత పొడుగు.

ముందు అయస్కాంతం ఆనించాడు. కడ్డీకి పట్టింది, పూసలకి పట్టలేదు, అంటే లోపల ఇనుమే, పూసలు పైన తొడిగినవే. తర్వాత వెనక చివర చూశాడు. సుత్తితో కొట్టే పనిముట్టయితే తల నలిగి పుట్టగొడుగులా అంచులు విచ్చుకుంటాయి, ఇది నలగలేదు కాబట్టి ఉలి కాదు అన్నాడు. మొన దగ్గర వేలితో రాసి చూశాడు, నిప్పులో పదే పదే పెట్టిన ఇనుముకి పైపొర లేచి గరుకుగా ఉంటుంది, ఇది నున్నగా ఉంది, వాతలు పెట్టేది కాదు. బెజ్జం లేదు, కొక్కెం లేదు, కాబట్టి దబ్బనం కాదు ఆర కాదు. బాకు అన్నారండీ అంటే, మొన పట్టుకుని నా బొటనవేలి గోటి మీద మెల్లగా ఆనించి చూపించాడు. బాకు అయితే అంచు మొత్తం పదునుండాలి, దీనికి ఈ చివర మొన మాత్రమే ఉంది, అదీ గుండ్రంగా, పొడవడానికి కాదు గీయడానికి. నాకు అప్పటికి సగం వెలిగింది, ఆయనకి పూర్తిగా తెలిసిపోయిందని ఆయన కళ్లలో కనిపిస్తోంది, కానీ చెప్పలేదు, ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"ఎట్ల పట్టుకుంటవో పట్టుకో" అని నా చేతికిచ్చాడు. నేను మామూలుగా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకున్నా. నా మూడు వేళ్లూ ఎక్కడ ఆనాయో అక్కడే ఇనుము అరిగి మెరుస్తోంది! ఇత్తడి పూస సరిగ్గా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంటలో కూర్చుంది. నాకంటే ముందు ఇంకెవరో ఏళ్ల తరబడి అక్కడే పట్టుకున్నారన్నమాట. ఒళ్లు జలదరించింది, నిజంగా.

అప్పుడు పూసల మధ్య సందులు టార్చి వేసి చూసి "ఇది కడిగినవా?" అన్నాడు. అవునండీ చింతపండు పెట్టి తోమాను అన్నా. ఆయన కోప్పడలేదు గానీ చాలాసేపు మాట్లాడలేదు. ఒక్క సందులో మాత్రం నేను సరిగా తోమని చోట నల్లటి మసి గట్టిగా పేరుకుని ఉంది, సూది మొనతో కాస్త గీకి తెల్ల కాగితం మీద రాసి చూపించాడు, జిడ్డు జిడ్డుగా నల్లగా అంటింది. నూనెలో కలిపిన దీపం మసి. అదే సాక్ష్యం, మిగతాదంతా నేను సింకులో పోసేశాను. పాత వస్తువు దొరికితే అదేంటో తెలిసేవరకూ దయచేసి కడక్కండి, చింతపండు, నిమ్మకాయ, బూడిద, పౌడర్లు ఏవీ వద్దు, పొడి గుడ్డతో దుమ్ము తుడవండి చాలు. మీకు మురికి అనిపించేదే దాని పని ఏంటో చెప్పేది కావచ్చు.

"గంటం బిడ్డా ఇది" అన్నాడు అప్పుడు. తాటాకు మీద రాసే గంటం. స్కూల్లో గోడ మీద అతికించే కవుల బొమ్మల్లో పెద్దవాళ్లు ఎడమచేత్తో ఆకు, కుడిచేత్తో పుల్ల పట్టుకుని ఉంటారు కదా, ఆ పుల్ల. చిన్నప్పటినుంచీ ఆ బొమ్మ చూస్తూనే ఉన్నా, అది ఇనుముతో ఉంటుందని, ఇంత బరువుంటుందని, మా ఇంట్లోనే ఉందని తెలీదు.

నేను ఇంకా అనుమానంగా చూస్తున్నానని ఆయనకి అర్థమైనట్టుంది. గోడకి వేలాడుతున్న తాటాకు విసనకర్ర తీశాడు, అంచున ఒక పీలిక కత్తిరించాడు, అదీ ఈ గంటం రెండో చివర ఉన్న ఆకు కత్తితోనే. ఆ చివర అందుకే అట, ఆకు అంచులు సాపు చేసుకోవడానికి. రాయి అన్నాడు. నేను కాగితం మీద రాసినట్టు చెయ్యి కదిపా, మొన జారిపోయింది. అట్ల కాదని చెప్పాడు, గంటం ఉన్నచోటే ఉండాలి, ఎడమచేత్తో ఆకుని మెల్లగా జరపాలి, ఎడమ బొటనవేలు వెనకనుంచి గంటాన్ని ఆపాలి. పాతకాలం రాయసగాళ్లు కొందరు ఆ బొటనవేలి గోటికి చిన్న గాడి పెట్టుకునేవాళ్లట, గంటం అందులో ఆనడానికి. అలా నాలుగైదుసార్లు చెడగొట్టాక "అమ్మ" అని రాశా. రాశానో లేదో కూడా తెలీలేదు, ఆకు మీద ఏమీ కనబడదు, ఏటవాలుగా వెలుతురులో పెడితే సన్నగా గీత.

ఆయన పక్క టీ కొట్టుకి వెళ్లి పాలగిన్నె అడుగున మసి కాస్త గీకి తెచ్చాడు, షాపులో ఉన్న కొబ్బరినూనె చుక్క కలిపి ఆకు మీద వేలితో పూశాడు, గుడ్డతో తుడిచాడు. ఆకు మళ్లీ పసుపురంగుకి వచ్చేసింది, గీతల్లో మాత్రం మసి నిలబడిపోయి "అమ్మ" నల్లగా లేచింది. టీ కొట్టతను కూడా వచ్చి చూశాడు. నేను ఎన్ని మ్యూజియంలు చూశానో గానీ ఏ అద్దాల పెట్టె ముందూ ఇంత సంతోషం కలగలేదు. అసలు పద్ధతిలో దీపం మసిలో దొండాకు పసరు లాంటివి కూడా కలిపేవాళ్లు, లేత ఆకుని ఎండబెట్టి, ఉడకబెట్టి, మళ్లీ ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది, బెజ్జాలు పెట్టి, పైనా కిందా చెక్కలు పెట్టి తాడు కట్టేవాళ్లు. విసనకర్ర ఆకు బాగా ఎండిపోయింది కాబట్టి పెళుసుగా ఉంది, అందుకే ఆయన ముందే చెప్పాడు పగిలితే బాధపడకు అని.

ఇంకో పని చేయించాడు, ఇది నాకు జన్మలో మర్చిపోలేని పాఠం. ఆకు పొడుగునా తిన్నగా ఒక గీత గియ్యమన్నాడు. గీశా. గీత వెంబడే ఆకు టప్‌మని చీలిపోయింది. ఈనెలు పొడుగునా ఉంటాయి కదా, గీత వాటి వెంట పోతే చీలదా మరి. గుండ్రంగా తిప్పితే చీలదు. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండడానికి తాటాకే కారణం అని చదవడం వేరు, మన చేతిలో ఆకు చీలడం వేరు. ఒడియా అక్షరాలు కూడా అంతే గుండ్రంగా ఉంటాయి, వాళ్లూ తాటాకు మీద ఇనుముతో గీసి రాసినవాళ్లే. తమిళం పాత తాళపత్రాల్లో పొల్లు చుక్క పెట్టేవాళ్లు కాదు, చుక్క పెడితే ఆకుకి చిల్లు పడుతుందని. మన పాత ఆకుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా ఉండదు, ఆకు జానాబెత్తెడు, చోటు ఎక్కడిది. తమిళంలో దీన్ని ఎళుత్తాణి అంటారు, మలయాళంలో నారాయం, కేరళవైపు నుంచి వచ్చినవీ తమిళం వైపువీ కొన్నిటికి కత్తి పిడిలోకి మడిచేలా ఉంటుంది, పిల్లల చాకులాగ. ఆయన దగ్గర అలాంటిది ఒకటి ఉంది, అమ్మడట, ఎంతడిగినా అమ్మడట.

మీవాళ్లు పంతుళ్లా అని అడిగాడు. లేదండీ తాతయ్య వాళ్ల ఇంట్లో పూర్వం కరణీకం ఉండేదని విన్నా అన్నా. అయితే కథ కుదిరింది అన్నాడు. గంటం అంటే మనకి కావ్యాలే గుర్తొస్తాయి గానీ ఊరి లెక్కలు కూడా దాంతోనే రాసేవాళ్లు. ఎవరి పొలం ఎంత, ఏ ఏడు ఎంత పండింది, శిస్తు ఎంత, మాన్యాలు ఎవరివి, ఇవన్నీ కరణాల దగ్గర కవిలె కట్టల్లో ఉండేవి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ 1800 ప్రాంతాల్లో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మనవాళ్లని పెట్టుకుని ఊరూరి చరిత్రలు రాయించాడు కదా, కైఫియత్తులు, వాటిల్లో "దండకవిలె" అనే మాట తగులుతూ ఉంటుంది, అంటే తరతరాలుగా కరణం ఇంట్లో వస్తున్న ఆ ఆకుల కట్టలే. తర్వాత కాగితం వచ్చింది, గంటం భోషాణంలోకి వెళ్లింది, కరణీకాలు కూడా 1984లో రద్దయిపోయాయి. మా తాతయ్య దీన్ని వాడి ఉండడు, ఆయన ఇంకుపెన్నుతో రాసేవాడు. ఆయన ముందు వాళ్లెవరో.

సందులో నిలబడే అమ్మకి ఫోన్ చేశా. అమ్మా అది గంటం అంట, తాటాకు మీద రాసేది అన్నా. అటువైపు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో ఆ భోషాణంలో తాటాకుల కట్టలు ఉండేవిరా, చెక్కల మధ్య పెట్టి తాడు కట్టినవి, చెదలు పట్టాయని మీ నాయనమ్మ ఒక ఏడు భోగి మంటలో వేయించేసింది, బాగా మండాయి అని పిల్లలు ఎగిరారు. ఎన్ని కట్టలమ్మా అంటే, నాలుగో ఐదో, ఎవరు లెక్కపెట్టారు అంది. నాయనమ్మ మీద నాకు కోపం లేదు, చదవలేని ఆకులు, చెదలు పట్టిన ఆకులు, ఇంట్లో చంటిపిల్లలు, ఆవిడ ఏం చేస్తుంది. కానీ ఆ మాట విన్నాక ఆ మొన మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయా. మా ఊరి పొలాలు, మా ఊరి మనుషుల పేర్లు, ఎన్ని వందల ఏళ్లవో, అందులో ఉండి ఉంటాయి.

అందుకే ఇది చదివేవాళ్లలో ఎవరింట్లో అయినా అటక మీద ఇంకా తాటాకు కట్టలు ఉంటే చేతులెత్తి దండం పెడతా, కాల్చొద్దు, పుష్కరాల్లో నదిలో వదలొద్దు. హైదరాబాద్లో ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, తిరుపతిలో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, మద్రాసులో 1869 నుంచి ఉన్న ప్రభుత్వ లైబ్రరీలో కూడా తెలుగు తాళపత్రాలు బోలెడు. వాళ్లు చదవగలరు. ఇంట్లోనే పెట్టుకుంటామంటే తాడు బిగించి కట్టకుండా, తడి తగలకుండా పెట్టండి, పెళుసెక్కిన ఆకులకి నిమ్మగడ్డి నూనె పట్టిస్తారు, పురుగు కూడా దగ్గరికి రాదు, కానీ ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించండి.

సర్వీసు సంగతి: చూసి చెప్పినందుకు డబ్బులు అడగలేదు. బలవంతం చేస్తే రెండొందలు తీసుకున్నాడు, అందులోంచే అందరికీ టీ చెప్పాడు. ఇనుముకి తుప్పు రాకుండా కుట్టుమిషన్ నూనె చుక్క మెత్తటి గుడ్డకి రాసి తుడవమన్నాడు, కొబ్బరినూనె నువ్వులనూనె వద్దు, జిగటగా తయారవుతాయి. డల్లాస్‌లో ఉన్న మా బావ నాకు పంపించరా ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంటా అన్నాడని చెప్తే మాత్రం గట్టిగా వద్దన్నాడు. అది నేను తర్వాత చూసుకున్నా, నిజమే, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు మామూలు మనుషులు దేశం దాటించకూడదు, తాళపత్రాల్లాంటి రాతప్రతులకైతే 75 ఏళ్లు దాటితే చాలు, అదే లెక్క. సూట్‌కేసులో పెట్టేసుకుంటే ఎవరు చూస్తారు అనుకునే ఎన్ఆర్ఐ తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. అమ్మే సామాన్ల మీద ధర చీటీలు లేవు, మనిషిని బట్టి చెప్తున్నారు అనిపించింది, నా ముందే ఒకాయనకి ఒక గంగాళం ఒక రేటు చెప్పి తర్వాత వచ్చినావిడకి వేరే రేటు చెప్పారు. అది పెద్దాయన కాదు, కౌంటర్లో కూర్చునే కుర్రాడు. పాతవీ కొత్తగా చేసి పాతవాటిలా నలుపు ఎక్కించినవీ ఒకే అరలో కలిపి పెట్టారు. ఇది పాతదా అని నేనొక దీపం చూపించి అడిగితే పెద్దాయన వెంటనే కొత్తదే అని నిజం చెప్పాడు, కానీ అడగనివాళ్ల సంగతేంటి, వాళ్లు పాతదనుకునే కొనుక్కుపోతారు. ఇది మార్చుకోవాలి, ఇంత తెలిసిన మనిషి షాపులో ఇది ఉండకూడదు. అలాగే కాగితం మీద రాసి ఏమీ ఇవ్వరు, మీకు సర్టిఫికెట్ లాంటిది కావాలంటే ఇక్కడ దొరకదు. ఆదివారం బంద్, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఆయన ఉండడు, కుర్రాడికి అంత తెలీదు కాబట్టి పొద్దున పదకొండుకి వెళ్లండి.

కొనుగోలుకి అయితే 5కి 3 ఇస్తా. ఇంట్లో దొరికిన వస్తువు ఏంటో తెలుసుకోవడానికి అయితే 5కి 5, మళ్లీ మాట్లాడక్కర్లేదు. వెళ్లేటప్పుడు వస్తువుతో పాటు అది ఎక్కడ దొరికింది, దాని పక్కన ఏమున్నాయి, దేన్లో చుట్టి ఉంది అన్నీ చెప్పండి, నన్ను ఆయన అడిగిన మొదటి ప్రశ్నలు అవే, నేను ఆ పంచె గుడ్డ పారేశానంటే అది కూడా తెస్తే బాగుండేది అన్నాడు.

బయల్దేరుతుంటే మీ ఊళ్లో తాళ్లు ఉన్నయా బిడ్డా అని అడిగాడు. చెరువు గట్టున ఇంకా ఉన్నాయండీ అన్నా. విచ్చుకోని లేత మట్ట ఒకటి కొట్టించి తీస్కరా, సరిగ్గ ఉడకబెట్టి ఆరబెట్టి ఇస్తా, అప్పుడు రాద్దువు మంచిగ అన్నాడు. వచ్చే నెల వెళ్తున్నా. అమ్మకి తెలిసినంతవరకూ మా ఇంటి పెద్దల పేర్లు ఆరు తరాలవి ఒక కాగితం మీద రాయించుకుని పెట్టుకున్నా, మొదటి ఆకు మీద అవే.